పెన్సిల్వేనియాలో వ్యాపారాల మూసివేత: గవర్నర్ ఉత్తర్వును పత్రికలు సరిగా చదివాయా?

పెన్ హిల్స్ నివాసి

కరోనా వ్యాప్తిని ఆపడానికి 2020 మార్చి 19 సాయంత్రం అప్పటి పెన్సిల్వేనియా గవర్నర్ టామ్ వుల్ఫ్, జీవనావసరం కాని వ్యాపారాలన్నీ ఆ రాత్రి 8 గంటలకల్లా తలుపులు మూయాలని ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఉత్తర్వు మంచిదా చెడ్డదా అని తేల్చడానికి ఈ చర్చ మొదలుపెట్టడం లేదు. దాని గురించి మనకు చెప్పవలసిన పత్రికలూ టీవీ చానెళ్లూ ఆ పని ఎంతవరకు చేశాయన్నదే నా ప్రశ్న.

ఆ ఉత్తర్వుకు ప్రాణం ఒక జాబితాలో ఉంది. ఏ పరిశ్రమ తెరిచి ఉండవచ్చో, ఏది మూయాలో వరుసగా రాసిన పట్టిక అది. మొదటి జాబితాలో బొగ్గు గనులు, కలప, న్యాయవాదుల కార్యాలయాలు, బట్టలు ఉతికే లాండ్రోమాట్లు మూయవలసినవిగా ఉన్నాయి. ఒక్క రోజు తిరిగేసరికి అవన్నీ తెరవవచ్చన్న వైపుకు మారాయి. ఒక్క రాత్రిలో వైద్యశాస్త్రం మారిపోదు కాబట్టి, మారినది మరొకటేదో అయి ఉండాలి. ఎవరు అడిగితే మారింది, ఎవరు కూర్చుని మార్చారు, ఏ ప్రాతిపదికన మార్చారు అన్నవి ఆ వారమంతా మొదటి పేజీలో ఉండవలసిన ప్రశ్నలు. నేను రోజూ చదివిన పత్రికల్లో మార్పు జరిగిందన్న వార్త ఉంది గానీ, మార్చిన చేతుల గురించి చాలాకాలం ఏమీ లేదు. చుట్టుపక్కల రాష్ట్రాల్లో భవన నిర్మాణం చాలావరకు సాగుతుండగా మన దగ్గర మే 1 దాకా ఎందుకు ఆగిపోయిందో కూడా ఎవరూ విడమరచి చెప్పలేదు.

అప్పట్లో మనం చూసినవి రెండే రకాల కథనాలు. ఒకటి, ప్రతి మధ్యాహ్నం ఆరోగ్య శాఖ చెప్పే కేసుల సంఖ్య. రెండోది, ఏప్రిల్ 20న రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌లో కాపిటల్ (శాసనసభ భవనం) మెట్ల మీద జెండాలతో, కొందరు తుపాకులతో చేరిన గుంపు ఫొటోలు. ఆ ఫొటోలు వచ్చాక, ఉత్తర్వును ప్రశ్నించేవాళ్లంటే వీళ్లేనన్న ముద్ర పడిపోయింది. దుకాణం మూసుకుని, అద్దె కట్టడానికి దారి వెతుక్కుంటూ, కాపిటల్ మెట్ల దగ్గరికి ఎన్నడూ వెళ్లని వేలమంది ఆ చట్రంలో ఎక్కడా పట్టలేదు.

సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

పాత విలేకరి

నేను ఇరవై ఏళ్లకు పైగా తెలుగు పత్రికల డెస్కుల్లో పనిచేసి ఇప్పుడు న్యూజెర్సీలో స్థిరపడ్డవాణ్ణి. పెన్ హిల్స్ నివాసి గారి ప్రశ్న సరైనదే కానీ, వారి జవాబులో సగమే నిజం ఉంది.

మొదట ఆ రోజుల పరిస్థితిని గుర్తుచేసుకుందాం. విలేకరులు గవర్నర్‌ను ఎదురుగా కూర్చుని అడిగే అవకాశం పోయింది. అంతా ఆన్‌లైన్ సమావేశాలే. ఒక ప్రశ్నకు దాటవేత జవాబు వచ్చినప్పుడు, పక్క విలేకరి అందుకుని అదే ప్రశ్నను మరో రకంగా వేసే వీలు గదిలో ఉంటుంది. తెర మీద ఉండదు. ప్రభుత్వ కార్యాలయాలు మూతబడడంతో సమాచార హక్కు దరఖాస్తులు కూడా చాలాచోట్ల కదలకుండా ఉండిపోయాయి. అత్యవసర స్థితిలో కూడా అలాంటి దరఖాస్తులకు జవాబివ్వాలని రాష్ట్ర శాసనసభ 2020 వేసవిలో ఒక బిల్లును ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ఆమోదించింది. వుల్ఫ్ దాన్ని మొదట వీటో చేస్తానని చెప్పి, చివరికి సంతకం పెట్టకుండానే చట్టం కానిచ్చారు. పత్రికలు నిద్రపోయాయని అనేముందు, వాటి చేతికి కాగితాలు అందకుండా పోయిన తీరును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రెండోది, మినహాయింపుల వ్యవహారం బయటకు వచ్చిందే విలేకరుల వల్ల. మూయమన్న వ్యాపారి తనకు మినహాయింపు ఇవ్వమని రాష్ట్ర వాణిజ్య శాఖకు దరఖాస్తు చేసుకోవచ్చన్నారు. ఏప్రిల్ 3 సాయంత్రంతో గడువు ముగిసే నాటికి 42,380 దరఖాస్తులు వచ్చినట్టు తరువాత ఆడిటర్ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ పనులను తనిఖీ చేసే అధికారి) లెక్క తేల్చారు. ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అన్న జాబితాను ప్రభుత్వం వారాల తరబడి బయటపెట్టలేదు. దాని కోసం స్పాట్‌లైట్ పీఏ అనే లాభాపేక్ష లేని వార్తాసంస్థ వెంటపడింది. ఫిలడెల్ఫియా ఇన్‌క్వైరర్, పిట్స్‌బర్గ్ పోస్ట్ గజెట్, పెన్‌లైవ్ కలిసి 2019లో నిలబెట్టిన సంస్థ అది. గవర్నర్ రాజకీయాల్లోకి రాకముందు నడిపిన వంటగది అలమరాల కంపెనీకే మినహాయింపు దక్కడం, ప్రశ్నలు వచ్చాక అది రద్దు కావడం కూడా వార్తల్లోకి వచ్చాయి. ఏప్రిల్ చివరన రాష్ట్ర సెనేట్ కమిటీ ఆ పత్రాల కోసం సమన్లకు ఓటు వేసిన తరువాత గానీ అనుమతి పొందిన ఆరు వేలకు పైగా వ్యాపారాల పేర్లు బయటకు రాలేదు.

కాబట్టి అడిగినవాళ్లు ఉన్నారు. అడిగినవాళ్ల వార్త పక్కపేజీలోనూ, గుంపు ఫొటో మొదటి పేజీలోనూ పడ్డాయి. తప్పు విలేకరిది కాదు, పేజీ దిద్దినవాడిది. ఆ పని చేసినవాణ్ణి కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటున్నాను.

ఎక్స్‌టన్ హోటల్

ఫిలడెల్ఫియా శివారులో మాది చిన్న భోజనశాల. ఇడ్లీ, దోసె, వారాంతంలో బిర్యానీ. మార్చి మధ్యలోనే కూర్చుని తినడం ఆపమన్నారు, పార్సిళ్లతో నెట్టుకొచ్చాం. జూలైలో లోపల కూర్చోబెట్టగలిగేవారి సంఖ్యను నాలుగో వంతుకు కుదించారు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ ముందురోజు సాయంత్రం 5 తరువాత బార్లలో, హోటళ్లలో మద్యం పోయవద్దన్నారు. అది మాకు తగలలేదు గానీ పక్క దుకాణంవాళ్లకు ఏడాదిలోకెల్లా పెద్ద బేరం పోయింది. డిసెంబరు 12 నుంచి జనవరి 4 దాకా లోపల భోజనం మళ్లీ పూర్తిగా బంద్.

ఉత్తర్వులకు నేను కట్టుబడ్డాను. నా ఫిర్యాదు వార్తల మీద. ఒక స్థానిక చానెల్ మనిషి మా వీధికి వచ్చి అందరినీ ఒకే ప్రశ్న అడిగాడు: "మీరు ఉత్తర్వును ధిక్కరిస్తారా?" లేదని చెప్పినవాళ్ల మాట ఆ రాత్రి వార్తల్లో రాలేదు. ధిక్కరిస్తానన్న ఒకాయన మాత్రం రెండు నిమిషాలు కనిపించాడు. నాలుగో వంతు కుర్చీలతో హోటల్ నడిస్తే కరెంటు బిల్లు, వంటవాడి జీతం ఎలా గిట్టుబాటవుతాయో, రాష్ట్రం ఇచ్చే సాయం ఎవరికి అందుతోందో, మా దగ్గర పనిచేసే వీసా మీది కుర్రవాళ్లు నిరుద్యోగ భృతికి ఎందుకు వెనకాడుతున్నారో అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక గంట సరుకుంది. అవేవీ అడగలేదు.

పెద్ద దుకాణాల సంగతి కూడా చెప్పాలి. కిరాణా అమ్ముతాయి కాబట్టి అవి తెరిచే ఉన్నాయి, ఆ కప్పు కిందే కుర్చీలూ మిక్సీలూ టీవీలూ అమ్ముడుపోయాయి. వాటినే అమ్మే చిన్న దుకాణం మాత్రం మూసి ఉండాలి. దీని వెనుక ఏదైనా వైద్య కారణం ఉంటే తెలుసుకోవాలని నాకు నిజంగానే ఉండేది.

లెక్కల మాస్టారు

పత్రికల మీద నా ఫిర్యాదు వేరు. అవి ప్రభుత్వాన్ని పొగిడాయా తిట్టాయా అన్నది నాకు పట్టదు. సంఖ్యలను చదవడం రాక చెడిపోయాయి.

మూసివేతను ఎత్తేయడానికి ఎరుపు (మూసివేత), పసుపు (కొంత సడలింపు), ఆకుపచ్చ (మరింత సడలింపు) అంటూ 67 కౌంటీలను (మన జిల్లాల వంటివి) విభజించారు. పద్నాలుగు రోజుల్లో లక్ష జనాభాకు 50 కొత్త కేసుల కంటే తక్కువ ఉండడం అందులో ఒక ప్రధాన కొలమానం. మే 8న ఉత్తర, వాయవ్య ప్రాంతాల్లోని 24 కౌంటీలు పసుపులోకి వెళ్లాయి. మే 15న పశ్చిమాన పిట్స్‌బర్గ్ ఉన్న అలెఘెనీ, దాని పక్కనే ఉన్న బట్లర్ వంటివి వెళ్లాయి. ఇటు పక్కనున్న బీవర్ మాత్రం ఎరుపులోనే ఉండిపోయింది. ఎందుకంటే ఆ కౌంటీ కేసుల్లో పెద్ద భాగం ఒకే ఒక్క వృద్ధుల సంరక్షణ కేంద్రం నుంచి వచ్చింది. ఆ కేంద్రం గోడల లోపల వ్యాపించిన జబ్బుకు, ఊళ్లో మంగలి దుకాణం తెరవడానికీ సంబంధం ఎంత? సంబంధం ఉందని కూడా వాదించవచ్చు, ఎందుకంటే అక్కడి సిబ్బంది రాత్రికి ఇంటికి వెళతారు, బజారుకు వెళతారు. కానీ ఆ వాదన ఎవరో ఒకరు చేయాలి కదా. వార్తల్లో నాకు కనిపించింది రంగుల పటం, దాని పక్కన గవర్నర్‌ను తిట్టే కౌంటీ కమిషనర్, కమిషనర్‌ను తిట్టే గవర్నర్.

ఆ వసంతంలో రాష్ట్రంలో నమోదైన మరణాల్లో దాదాపు మూడింట రెండు వంతులు వృద్ధుల సంరక్షణ కేంద్రాలవే. ఈ ఒక్క విషయాన్ని వ్యాపారాల మూసివేత వార్త పక్కనే ఉంచి చదివించి ఉంటే పాఠకుడి ఆలోచన ఎటైనా వెళ్లనీ, ఆధారంతో వెళ్లేది. రెండూ రెండు వేర్వేరు పేజీల్లో, రెండు వేర్వేరు విలేకరుల పేర్లతో వచ్చాయి.

ఇంకొకటి. మార్చి మూడో వారంలో పెన్సిల్వేనియా నుంచి వచ్చిన నిరుద్యోగ భృతి దరఖాస్తులు 3.7 లక్షలు దాటాయి. దేశంలో ఏ రాష్ట్రం నుంచీ అన్ని రాలేదు. దీన్ని కొందరు గవర్నర్ వైఫల్యమని రాశారు, కొందరు మహమ్మారి తీవ్రత అని రాశారు. మన రాష్ట్రం చాలా రాష్ట్రాల కంటే ముందుగా, విస్తృతంగా మూసింది కాబట్టి దరఖాస్తులు ఆ వారంలోనే వచ్చిపడ్డాయని, మిగతా రాష్ట్రాల అంకెలు తరువాతి వారాల్లో ఉబ్బాయని వివరించిన కథనం కోసం నేను వెతుక్కోవలసి వచ్చింది.

హైదరాబాదు నుంచి

ఇక్కడి పాఠకుల కోసం ఒక చిన్న వివరణ. గవర్నర్ అనగానే మనకు రాజ్‌భవన్ గుర్తొస్తుంది. అమెరికాలో ఆ పదవి మన ముఖ్యమంత్రిలా ప్రజలు ఎన్నుకునే పాలకుడిది. అందుకే ఉత్తర్వు మీద విమర్శ, ఎన్నికల రాజకీయం అంతగా కలిసిపోయాయి.

మా దగ్గర కూడా పత్రికలు ఆరోగ్య బులెటిన్‌ను యథాతథంగా అచ్చేసిన రోజులున్నాయి. అందులో వివరాలు చాలవని 2020లో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని పదే పదే తప్పుపట్టింది. ఆ పని కోర్టు కంటే ముందు పత్రికలు చేసి ఉండాలని నాకు అప్పుడే అనిపించింది.

పెన్సిల్వేనియాలో మద్యం దుకాణాలు ప్రభుత్వమే నడుపుతుందని, మార్చి 17నే వాటిని మూసేసిందని, జనం పొరుగు రాష్ట్రాలకు కార్లేసుకుని వెళ్లారని చదివాను. ఆంధ్రప్రదేశ్‌లోనూ అప్పటికి దుకాణాలు ప్రభుత్వానివే. అక్కడ మే 4న తెరిచి ధర పెంచారు, మర్నాడు మళ్లీ పెంచారు. రెండు చోట్లా పత్రికలకు క్యూల ఫొటోలు దొరికాయి.

పెన్ హిల్స్ నివాసి

పాత విలేకరి గారి మాటల్లో చాలావరకు ఒప్పుకుంటాను. స్పాట్‌లైట్ పీఏ పని లేకపోతే మనం ఈ చర్చ కూడా చేయలేకపోయేవాళ్లం. అయితే సెప్టెంబరులో జరిగినదాన్ని చూడండి.

బట్లర్ కౌంటీతో పాటు కొన్ని కౌంటీలు, కొందరు రాజకీయ నాయకులు, ఒక ఫర్నిచర్ దుకాణం, క్షౌరశాలలు, డ్రైవ్ ఇన్ థియేటర్లు కలిసి వేసిన కేసులో సెప్టెంబరు 14న ఫెడరల్ జడ్జి విలియం స్టిక్‌మన్ తీర్పు ఇచ్చారు. గుంపుల మీద పరిమితి, ఇళ్లు కదలవద్దన్న ఆదేశం, వ్యాపారాల మూసివేత మూడూ రాజ్యాంగ విరుద్ధమన్నారు. మరునాటి వార్తల్లో నాకు ఎక్కువగా కనిపించినది, ఆయనను ట్రంప్ నియమించారన్న మాట. అది నిజమే, చెప్పవలసిందే. కానీ ఆ విచారణలో బయటపడ్డ సంగతులు ఎవరు నియమించిన జడ్జి ముందు పడినా అవే సంగతులు. ఏది జీవనావసరమో తేల్చిన బృందమంతా గవర్నర్ యంత్రాంగంలోని ఉద్యోగులే. వాళ్లలో ఎవరికీ వైద్యంలో గానీ, అంటువ్యాధుల నియంత్రణలో గానీ నేపథ్యం లేదు. జీవనావసరం అంటే ఏమిటో కచ్చితమైన నిర్వచనం రాసుకోకుండానే జాబితాను పలుమార్లు మార్చారు. మార్చి 20న అడగవలసిన ప్రశ్నకు జవాబు ఆరు నెలల తరువాత, కోర్టు బోనులో వచ్చింది. అప్పుడైనా దాన్ని మొదటి పేరాలో రాయలేదేమన్నది నా బాధ.

జూన్ 3న గవర్నర్ హారిస్‌బర్గ్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో నడిచారు. ఆ కౌంటీలో అప్పటికి పాతిక మందికి మించి గుమికూడరాదన్న ఆయన సొంత ఉత్తర్వు అమలులో ఉంది. ఆ ప్రదర్శన ఆశయం పట్ల నాకు గౌరవమే. అయినా ఏప్రిల్ గుంపును అడిగిన ప్రశ్న జూన్ గుంపును అడగకపోతే పాఠకుడికి పత్రిక మీద నమ్మకం ఎలా మిగులుతుంది?

పాత విలేకరి

స్టిక్‌మన్ తీర్పును మీరు సగం దగ్గర ఆపేశారు. అక్టోబరు 1న అప్పీలు కోర్టు దాన్ని నిలిపివేసింది. 2021లో కేసుకు కాలం చెల్లిందని పక్కన పెట్టేశారు. అంతకు ముందే, 2020 ఏప్రిల్ 13న, రాష్ట్ర సుప్రీంకోర్టు ఇదే మూసివేతను సమర్థించింది. అమెరికా సుప్రీంకోర్టు మే నెలలో స్టే ఇవ్వడానికి నిరాకరించింది. ఆ కేసు పేరులో డానీ డెవిటో ఉన్నాడు, హాలీవుడ్ నటుడు కాదు, రాష్ట్ర శాసనసభకు పోటీ చేసిన మరొకాయన. దాని గురించి జనం చదివినదంతా ఆ పేరు చుట్టూ తిరిగిన హాస్యమేనని నా అనుమానం.

నిజానికి పత్రికలు వదిలేసిన బంగారం ఆ తీర్పులోనే ఉంది. అది 4–3 తీర్పు. ప్రధాన న్యాయమూర్తి థామస్ సేలర్ గవర్నర్ అధికారాన్ని కొట్టేయలేదు. మినహాయింపు నిరాకరించబడ్డ వ్యాపారి ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలన్న దగ్గర మాత్రం భిన్నాభిప్రాయం రాశారు. అధికారం ఉందా లేదా అన్న కేకల మధ్య, ఉన్న అధికారాన్ని వాడిన పద్ధతి న్యాయంగా ఉందా అన్న ఆ సన్నని ప్రశ్న కొట్టుకుపోయింది. దాన్ని పట్టుకున్న విలేకరికి స్టిక్‌మన్ తీర్పుతో పనే ఉండేది కాదు.

జూన్ 3 సంగతిలో మీతో ఏకీభవిస్తాను.

వార్డు డ్యూటీ

ఫిలడెల్ఫియాలో ఒక ఆసుపత్రి డాక్టరుగా రాస్తున్నాను. మీ అందరి మాటల్లోనూ ఒకటి లోపించింది. 2020 మార్చిలో మా దగ్గర మాస్కులు లెక్కపెట్టి ఇచ్చేవారు. టీకా లేదు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు, న్యూయార్క్ నుంచి వచ్చే వార్తలు వింటే నిద్ర పట్టేది కాదు. అలాంటి వారంలో జాబితాలో లాండ్రోమాట్ ఎందుకు లేదన్న ప్రశ్నకు మొదటి పేజీ ఇవ్వకపోవడం పత్రికల తప్పని నేను అనుకోను. ఇంట్లో ఉండండి అన్న ఒక్క ముక్క జనానికి చేరడమే అప్పటి అవసరం.

ఏప్రిల్ దాటాక పత్రికలకు ఆ వెసులుబాటు వర్తించదు, ఒప్పుకుంటాను. అప్పటికి ప్రశ్నలు వేసే తీరిక అందరికీ వచ్చింది. కానీ ప్రశ్నించేవాళ్లు కూడా తమ వంతు చేయలేదు. మూసివేత వల్ల ఎన్ని కేసులు తగ్గాయన్నది కూడా కొలవవలసిన విషయమే. దాన్ని అడగకుండా పోయిన బేరాన్నే లెక్కగట్టిన కథనాలు ఎన్నో చదివాను. డిసెంబరులో హోటళ్లు మళ్లీ మూసినప్పుడు గవర్నర్‌కే కరోనా వచ్చింది. హోటల్ యజమానిని ప్రశ్నించిన టీవీ మనిషి, ఆ వారం మా వార్డుల్లో పడక దొరకడం ఎలా ఉందో అడగడానికి మా తలుపు కూడా తట్టి ఉండవలసింది.

నిర్వాహకుడు

గవర్నర్ పార్టీ గురించి, 2020 అధ్యక్ష ఎన్నికల గురించి వచ్చిన మూడు వ్యాఖ్యలను తొలగించాను. విషయం మీదే ఉండగలరు.

ఎక్స్‌టన్ హోటల్

డాక్టరు గారూ, మీ తలుపు తట్టనందుకు నాకూ బాధగానే ఉంది. ఆ రెండు తలుపులూ తట్టి, రెండు మాటలూ ఒకే కథనంలో పెట్టిన రోజున నేను ఆ చానెల్‌కు చందా కట్టేవాణ్ణి.

లెక్కల మాస్టారు గారికి ఒక ప్రశ్న. మినహాయింపుల మీద ఆడిట్ చివరికి ఏమైంది? మొదటి వార్త గుర్తుంది గానీ, తరువాత ఏమీ వినలేదు.

లెక్కల మాస్టారు

వినకపోవడంలో ఆశ్చర్యం లేదు. 2020 అక్టోబరులో అప్పటి ఆడిటర్ జనరల్ యూజీన్ డిపాస్క్వాలే ప్రాథమికంగా కొన్ని సంగతులు చెప్పారు. ఐదు వందలకు పైగా వ్యాపారాలకు మొదట ఒక జవాబు, తరువాత దానికి విరుద్ధమైన జవాబు వెళ్లాయన్నది అందులో ముఖ్యం. ఆయన గవర్నర్ పార్టీవారే. తుది నివేదికను 2021లో తరువాతి ఆడిటర్ జనరల్ తిమోతి డిఫూర్ విడుదల చేశారు. ఆయన అవతలి పార్టీవారు. ఒకే రకం వ్యాపారాలకు వేర్వేరు నిర్ణయాలు అందాయని, ప్రక్రియ నిలకడగా లేదని ఆయనా తేల్చారు. రెండు పార్టీల మనుషులు ఒకే దస్త్రాలు చూసి ఒకే చోటికి రావడం ఈ మొత్తం వ్యవహారంలో చాలా అరుదైన విషయం. అయితే ఆ నివేదిక వచ్చేసరికి వార్తలన్నీ టీకాల మీదికి మళ్లాయి.

పెన్ హిల్స్ నివాసి

దానికి కొద్దిగా ముందు, 2021 మే 18న, గవర్నర్ అత్యవసర ప్రకటన శాసనసభ ఆమోదం లేకుండా 21 రోజులకు మించి సాగకూడదన్న రాజ్యాంగ సవరణను ఓటర్లు సగానికి కొంచెం పైగా ఓట్లతో ఆమోదించారు. బ్యాలెట్ మీద ప్రశ్నను రాసింది గవర్నర్ కింద పనిచేసే శాఖే. ఆ పదాలు ఓటరును ఒకవైపుకు నెడుతున్నాయని శాసనసభ నాయకులు అభ్యంతరం చెప్పారు. పత్రికలు ఆ అభ్యంతరాన్ని రాశాయి. ప్రశ్న పూర్తి పాఠాన్ని, సవరణ అసలు పాఠాన్ని పక్కపక్కన అచ్చువేసి చూపిన పత్రిక ఎవరి కంటనైనా పడిందా?

వార్డు డ్యూటీ

నేను వద్దని ఓటేశాను, ఇప్పుడైనా అలాగే వేస్తాను. కానీ మీరు అడిగిన ఆ పక్కపక్క పాఠాలు నేనూ ఎక్కడా చూడలేదు. ఆసుపత్రి విశ్రాంతి గదిలో ఒక నర్సు ఫోనులో చూపిస్తే చదివి వెళ్లి ఓటేసి వచ్చాను.